ఎడమ చెంప

పుష్పావతమ్మ గారికి నమస్కారం.

నిన్న మీరు ఫోన్‌లో, "సుధ ఇప్పుడు బుద్ధిగా ఉండాది సార్, అంతా మీ పుణ్యం" అన్నారు. నేను ఫోన్ పెట్టేశాను. అందుకే ఈ ఉత్తరం.

మాటలు రాని మీ అమ్మాయి సుధ తన చెంప మీద కొట్టుకోవడం మాన్పించడానికి పోయిన ఏడాది పెనుకొండ నుంచి వారం వారం ధర్మవరం వచ్చాను. మీరు మగ్గం గుంతలో కూర్చుంటే కొట్టుకునేది, లేచి వస్తే ఆపేది. మీరు దగ్గరికి రావాలనే చేస్తోందని రాసుకున్నాను. అటు చూడొద్దు, నేత ఆపొద్దు అన్నాను.

"బిడ్డ కొట్టుకుంటాంటే మగ్గంలో కాళ్లు ఎట్ల ఆడతాయి సార్?" అన్నారు మీరు. అయినా నా మాట విన్నారు. నలభై రోజులకు దెబ్బల లెక్క సున్నాకు వచ్చింది.

పోయిన నెల సుధ దవడ వాచాక హిందూపురంలో పన్ను పీకిన డాక్టరు, చీము పట్టి ఏడాది దాటిందన్నారు. అప్పట్లో నేను తీసుకున్న సుధ వీడియోలు మళ్లీ చూశాను. ప్రతి దెబ్బా ఎడమ చెంప మీదే. పన్నూ అటువైపుదే. నొప్పి ఉందేమో ముందు డాక్టరుకు చూపించాలన్నది మా పనిలో మొదటి నియమం. నేను చూపించమనలేదు.

మొన్న మీ ఇంట్లో నా ఎదుటే వేడి టీ సుధ కాలి మీద ఒలికింది. అరవలేదు. మీ వైపు చూడనూ లేదు. పిలిచినా ఎవరూ రారని ఆమెకు నేర్పింది నేనే.

ఇకపై ఆమె చెయ్యి చెంప మీదికి లేస్తే మగ్గం ఆపి వెళ్లండమ్మా. ఆ తర్వాత నాకు ఫోన్ చేయండి. ఆమె మళ్లీ మిమ్మల్ని పిలిచిందన్న ఆ ఫోన్ కోసమే చూస్తుంటాను.

ఇట్లు,
మీ బిహేవియర్ థెరపిస్టు