మా ఇంట దిగిన రాజావారు

1948 మార్చి 1, సోమవారం. బెజవాడ, కొత్తపేట.

డైరీకి మాణిక్యమ్మ రాయునది. ఉత్తరాలు తప్ప మరొకటి రాయడం నాకు రాదు. అందుచేత ముందు అందరి క్షేమమూ అడుగుతున్నాను. మా ఆయన మోకాలు ఎలా ఉంది? వాచింది. అబ్బాయి కోటేశ్వరరావు కడుపుబ్బరం? అలాగే ఉంది, హోటలు ఇడ్డెన్లు మానడు. గేదె? నిన్నటినుంచి మేత సరిగా ముట్టడం లేదు. నేను? కులాసా! ఇకనుంచి కులాసా అనే రాయాలని ఒట్టు పెట్టుకున్నాను.

దీనికి కారణం డాక్టరు రూతమ్మగారు. నా ఎడమ రొమ్ములోది రాచపుండని కనిపెట్టింది ఆవిడే. ధనుర్మాసంలో మద్రాసు వెళ్లి రేడియం పెట్టించుకుని వచ్చాను. మళ్లీ వెళ్లి చూపించుకోవాలి. తగ్గిందో, పాకిందో అప్పుడు చెబుతారట.

"రోగం సంగతి మేం చూసుకుంటాం మాణిక్యమ్మగారూ. మీరు దిగులు మానండి, చాలు" అన్నారీవేళ.

మానేశాను! ఏడవను. ఆ జబ్బు పేరు ఇక నోట రానివ్వను. పైన రాసిందే ఆఖరు.

మార్చి 2, మంగళవారం.

పొద్దున: దిగులు లేదు.

మధ్యాహ్నం: లేదు.

సాయంత్రం: ఇంతసేపు దిగులు లేకపోవడం మంచిదేనా అనిపించింది. అది దిగులు కిందికి రాదు.

పేరెత్తకుండా ఇంట్లో మాట్లాడుకోవడం ఎలా? ఉపాయం తట్టింది. రాచ అంటే రాజు కదా. అందుకని "రాజావారు" అందాం అన్నాను.

"బాగుందే. మర్యాదగా పిలిస్తే మర్యాదగానే పోతాడేమో" అన్నారు మా ఆయన.

మార్చి 4, గురువారం.

నేను పెరట్లో ఉంటే, మా ఆయన వీధి అరుగు మీదనుంచే కేకేశారు.

"ఏమేవ్! రాజావారెలా ఉన్నారే?"

"ఉన్నారు! రాత్రంతా నన్ను నిద్ర పోనివ్వలేదు!"

"మద్రాసు ఎప్పుడు పోదాం?"

"అమావాస్య వెళ్లనివ్వండి!"

గోడ అవతల చౌడేశ్వరమ్మ బట్టలారేస్తున్నది. మంగళగిరి పుట్టింటినుంచి చీరలు తెచ్చి ఇంటింటికీ అమ్మే మనిషి. మా మాటలు విని గబగబా లోపలికి పోయింది. ఎందుకో! అప్పటినుంచి మనసు పీకుతోంది.

మార్చి 7, ఆదివారం.

వీధిలో ఎదురుపడ్డవాళ్లంతా నాకు దణ్ణాలు పెడుతున్నారు! నా సంగతి తెలిసి, ఆఖరిసారని పెడుతున్నారా? కొట్టు వెంకటప్పయ్య అడగకుండానే సన్నబియ్యం కొలిచాడు. "మీ ఇంట్లోవారికి ఇవే తగును" అన్నాడు.

ఇంటికొచ్చి ఏడ్చాను. ఉల్లిపాయలు తరుగుతూ ఏడ్చాను గనక ఒట్టు తప్పినట్టు కాదు.

మార్చి 11, గురువారం.

అమావాస్య వెళ్లింది. మా ఆయన మళ్లీ మద్రాసు మాట ఎత్తారు. గేదె ఈనేదాకా ఆగుదామన్నాను.

"అది చూడి కట్టనే లేదు గదే!"

"కట్టకపోతుందా?"

ఆయన కండువా దులుపుకుని బయటికి వెళ్లిపోయారు.

నిజం రాస్తాను. పాకిందని చెబుతారేమోనని నా భయం. వెళ్లకపోతే చెప్పరు కదా.

మార్చి 13, శనివారం.

అంతా అయిపోయింది! చౌడేశ్వరమ్మ తల్లో పూలు పెట్టుకుని, చేతిలో జరీచీరతో వచ్చింది.

"పిన్నిగారూ, రాణిగారు కూడా వచ్చారా?"

"ఏ రాణి?"

"దాస్తారేం! మీ ఇంట్లో రాజావారు దిగారుగా? బయటికి రారు, మిమ్మల్ని నిద్ర పోనివ్వరు, కదలమంటే కదలరు. జమీలు పోతాయంటున్నారు గదా, పాపం, మీ ఇంట తలదాచుకున్నారని వీధంతా అనుకుంటున్నాం. ఈ చీర ఒక్కసారి చూపించండి, మీకు పుణ్యముంటుంది."

ఇక ఆగలేకపోయాను. "రాజావారు దిగింది ఇక్కడే అమ్మాయ్!" అని రొమ్ము మీద చెయ్యి వేసుకున్నాను. "రాచపుండు! రాచపుండు!" అని గట్టిగా అరిచేశాను. ఆపైన ఒకటే ఏడుపు.

చౌడేశ్వరమ్మ చేతిలో చీర జారిపోయింది. "అయ్యో నా తల్లీ! సన్నబియ్యం కొలవమని వెంకటప్పయ్యకు చెప్పింది నేనే!" అన్నది. ఏడుస్తున్న నాకు ఫక్కున నవ్వొచ్చింది. దానికీ వచ్చింది.

"భయమా పిన్నీ?"

"చచ్చేంత."

"బాబాయిగారికి చెప్పారా?"

"లేదు."

తలుపు వెనకనుంచి మా ఆయన గొంతు వినిపించింది. "నాకూ భయమేనే."

పామును చేత్తో పట్టి విసిరిన మనిషి! ఇన్నేళ్ల కాపురంలో ఆయన నోట ఆ మాట వినలేదు. వచ్చి నా పక్కన గడప మీద కూర్చున్నారు.

"సరే, ఆ రాజుగారు ఖాళీ చేశాడో లేదో చూడ్డానికి నేనూ వస్తా" అన్నది చౌడేశ్వరమ్మ. "మద్రాసులో నాలుగు చీరలన్నా అమ్ముడుపోతాయి."

మార్చి 14, ఆదివారం.

రేపటినుంచి దిగులు మానేస్తున్నాను. ఈసారి గట్టిగా. ఏడుపు మాత్రం మానను, ఎవరైనా పక్కన ఉన్నప్పుడే ఏడుస్తాను. రైల్లో చౌడేశ్వరమ్మ చీరల మూట ఎవరన్నా ఎత్తుకుపోతారేమో! ఆ దిగులు ఇవాళే పడేస్తున్నాను, రేపటికి ఉంచుకోకూడదు.

అబ్బాయి టిక్కెట్లు తెచ్చాడు. గురువారం రాత్రి మెయిలు. మద్రాసు ఆసుపత్రిలో చూపించుకోవడం మార్చి 19, శుక్రవారం ఉదయం. ముగ్గురం వెళుతున్నాం.