దవడకు తగిలిన బంతి

మోరాగ్ వదినకు,

అన్నయ్య బతికే ఉన్నాడు, ఠాణాలో. గోల్ఫ్ ఛాంపియన్‌షిప్ చివరి గుంత దాకా మన రోరీ, ఆ డూగల్ సమానంగా వచ్చారు. డూగల్ కొట్టిన బంతి గాలికి దారితప్పింది (ఈ సముద్రపు గాలిని మా తాత రోజూ తిట్టేవాడు, అది వేరే కథ). ఆ బంతి రెఫరీగా నిలబడ్డ అన్నయ్య దవడ పగలగొట్టి, ఎగిరి గుంతలో పడింది.

"చెల్లదని చెప్పు నాన్నా," అన్నాడు రోరీ.

అన్నయ్య నెత్తురూ రెండు పళ్ళూ ఉమ్మాడు. "మనిషికి తగిలినా బంతి ఆగినచోటే లెక్క. గెలిచింది డూగలే."

"గట్టి దవడే మావా, కప్పు ఇప్పించావు," అని డూగల్ ఇకిలించాడు.

అన్నయ్య రెఫరీ బిళ్ళ ఊడదీసి నా చేతిలో పెట్టాడు. "ఇక నేను రోరీ తండ్రిని," అంటూ డూగల్ ముక్కు చితక్కొట్టాడు.

నమల్లేడు, జావ పంపు. రోరీ అలిగినా సరే, వాడి చేతే పంపు.

నీ మరిది