నాన్న షుగరు మాత్రలు

అమ్మలూ, బరువు తగ్గే ఆపరేషన్ మీ నాన్న కడుపును కుదించింది గానీ మొండితనాన్ని ముట్టుకోలేదు. మొక్కలకు నీళ్లు పోస్తానంటున్నారు, లేవనివ్వకు.

గంటకోసారి షుగరు చూడు. డెబ్బైకి దిగితే గ్లూకోజు నీళ్లు గుక్కగుక్కగా పట్టించి, వెంటనే నాకు ఫోన్ చెయ్యి. నువ్వొచ్చేదాకా పక్కింటి పిన్నిగారు ఉంటారు.

పొద్దున యాభై ఎనిమిదికి పడిపోయింది. ఒళ్లంతా చెమటలతో నన్నే "ఎవరండీ మీరు?" అన్నారు. పాతికేళ్లలో నన్ను మీరనడం అదే మొదలు. నవ్వు రాలేదు.

ఈ ఆపరేషన్ తర్వాత బరువుకన్నా ముందే షుగరు దిగిపోతుందట. డాక్టరు ఆపమన్న మాత్రను, "రెండు కిలోలేగా తగ్గారు, షుగరెలా తగ్గుతుంది?" అని నేనే రోజూ మింగించాను. ఆ డబ్బా పట్టుకుని డాక్టరు దగ్గరికే వెళ్తున్నా.

గ్లూకోజు నీళ్లతో ఆయన తేరుకోగానే పైకే అన్నాను, "తప్పు నాదే" అని. "అమ్మాయికి రాసిపెట్టు" అన్నారు. రాశాను.