గుండుగాడిని పంపలేను

బుల్లీ,

చెల్లి పెంచుకున్న చిట్టెలుకని, ఆ హ్యామ్‌స్టర్ గుండుగాడిని, నీ హాస్టల్ స్నేహితురాలికి ఇచ్చేద్దాం, ఆదివారం వచ్చి తీసుకెళ్తుంది అని ఫోన్లో అన్నావు. ఊఁ అన్నాను గానీ అప్పట్నుంచీ కాలు ఒకచోట నిలవడం లేదు. ఫోన్లో నీకు ఎదురు చెప్పలేను, అందుకే రాస్తున్నాను.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. మొన్న గుండుగాడు నిద్రపోతుంటే పైనుంచి చెయ్యి పెట్టి ఎత్తాను. ఉలిక్కిపడి వేలు కొరికాడు. నేను నిలబడి ఉన్నానా, చెయ్యి విదిలిస్తే కింద బట్టల మూట మీద పడ్డాడు. మూట లేకపోతే ఏమయ్యేదో. నా చేతిలో ఏదీ నిలవదని ఆ రోజంతా ఏడ్చాను.

చెల్లితో చదివిన పక్కింటి పిల్ల నా వేలు చూసి నవ్వింది. "డేగలా మీద పడితే కొరకడా మరి, ఆంటీ? కింద కూర్చుని దోసిలి పట్టండి. వాడే ఎక్కుతాడు," అంది. పంజరం బయట వదలాలంటే వాడు దూరిపోయే సందులు లేని గది కావాలంది. మనింట్లో అలాంటిది చెల్లి గదొక్కటే. బీరువా వెనకా, తలుపు కిందా పాత గుడ్డలు కుక్కి పెట్టుకుంది కదా. చెల్లి పోయాక నేను ఆ తలుపు తీయలేదని నీకు తెలుసు.

నిన్న సాయంత్రం తీశాను. పంజరం అక్కడ తెరిచి పెట్టి, నేల మీద చతికిలబడి దోసిలి పట్టాను. చాలాసేపటికి వచ్చి, అరచేతిలో కూర్చుని మూతి తుడుచుకున్నాడు. నేను గట్టిగా ఊపిరి కూడా పీల్చలేదు.

ఇవి రెండు మూడేళ్ళకి మించి బతకవని నాకూ తెలుసు. ఉన్నన్నాళ్ళు నన్ను రోజూ ఆ గదిలో వాడితో కూర్చోనివ్వు. ఆ అమ్మాయికి రావద్దని చెప్పు. కోప్పడకు.

వేళకి కడుపునిండా తిను, తల్లీ.

అమ్మ