మూడో అంతస్తులో గుంత

ధర్మవరం, ఆదివారం

మా ఇంటి వెలుగు పుష్పకు, మీ నాయన నారాయణ నిండు మనసుతో దీవించి రాసేది.

ఫోన్లో చెప్తే నా చెవికి అందదని జాబు రాసినావు, నాలుగు మార్లు చదివినా. స్కూటీ మీంచి పడి నీ కుడిచెయ్యి చెడినప్పటి నుంచి ఉద్యోగం ఏమైతాదోనని కుమిలిపోతాంటిమి. ఇప్పుడు ఆపీసోళ్లు కాళ్లతో తొక్కే కంప్యూటర్ ఇచ్చినారంటివే! ఎడమకాలితో బాణం కదిలేదేంది, కుడికాలితో టిక్కుమనేదేంది. నలభై ఏండ్లు మగ్గం తొక్కినోణ్ణి, తొక్కితే చీర వస్తాదని తెలుసు గానీ అక్షరం నడుస్తాదని కలలో కూడా అనుకోలే.

చదువుల తల్లిని తొక్కితే పాపమంటాది మీయమ్మ. "నేను తొక్కిందే గదే మనకు కూడు పెట్టింది" అంటి.

ఇట్లు, కాళ్లు నేల మీద నిలవని మీ నాయన.

తా.క. ఆ తొక్కుడు చెక్కలకు మొక్కి కాలు పెట్టు.

హిందూపురం, గురువారం

నాయనకు పుష్ప నమస్కారాలు.

రోజూ మొక్కుతాండా. అయినా నెలలోపల పక్కోళ్లంత వేగం రాకుంటే పనిలో పెట్టుకోలేమని మా మేనేజరు రేష్మ మేడం చెప్పేసింది. బాణం ఒకపక్క, నేనొకపక్క. కుర్చీలో ముడుచుకోని తొక్కి తొక్కి మోకాళ్లు పట్టేస్తాండాయి. అమ్మకు చెప్పొద్దు.

నీ కూతురు.

తా.క. నిన్న కంప్యూటర్లో రైతుల పట్టీలోకి ఒకాయన పేరు ఎక్కించబోయి ఆయన్నే చెరిపేసినా. మళ్లీ పుట్టించేకి గంట పట్టింది.

ధర్మవరం, ఆదివారం

బంగారుతల్లికి నాయన దీవెనలు.

ముడుచుకోని అన్నావు చూడు, ఆడ దొరికింది గుట్టు. గుంత యాడమ్మా? మగ్గానికి గుంత తవ్వుతాము, కాళ్లు ఏలాడేసి తొక్కుతాము. అంతటి మిషను కనిపెట్టిన మహానుభావులు గుంత మర్చిపోయినారు, పాపం. దిగులొద్దు. మన పేటలో సగం మగ్గాలకు గుంతలు తవ్విన మీ మామ చెన్నకేశవులు బుధవారం పెనుకొండ నుంచి గడ్డపార తీసుకోని వస్తాండాడు. మేడంకు చెప్పి పెట్టు. చెప్పులిడిసి తొక్కు, కాళ్లకేసి చూడొద్దు.

ఇట్లు, గుంత మహిమ తెలిసిన మీ నాయన.

తా.క. గుంతలో తేళ్లు చేరతాయి. చూసి కాలు పెట్టు.

హిందూపురం, ఒకటో తేదీ

నాయనా, నీకు వెయ్యి దండాలు.

మా ఆపీసు మూడో అంతస్తులో ఉండాదని నీకు చెప్పలేదు, నాదే తప్పు. నీ జాబూ, మామా ఒక్కపూటే చేరినారు. గడ్డపార చూసి వాచ్‌మన్ గేటు మూసేసినాడు. మేడమే దిగొచ్చి మామను పైకి పిలుచుకొచ్చింది. మామ నేలంతా తట్టి చూసి, "కింద కాపురముండేదెవరమ్మా, ఒకమాట అడిగి తవ్వుదాం" అన్నాడు. మేడ మీద గుంత తవ్వేకి కాదని తెలిసినాక నేను కూర్చునే తీరు చూసి, గుంత దిగకుంటే మనిషినే ఎత్తాలన్నాడు. పలకలతో నడుమ సందు విడిచి గద్దె కట్టి, కుర్చీ, బల్ల దాని మీదికెక్కించి, తొక్కుడు చెక్కలు ఆ సందులో కిందనే వదిలినాడు.

చెప్పులిడిసి, కాళ్లు ఏలాడేసి తొక్కినా. రెండోవారానికి మన మగ్గం సప్పుడే వినపడింది. నిన్నటితో నెల నిండింది. నా ఉద్యోగం ఖాయం చేసినారు. అమ్మకిప్పుడు అంతా చెప్పు.

నీ కాళ్ల పని అందుకున్న కూతురు, పుష్ప.

తా.క. మేడం కూడా గద్దె వేయించుకుంది. నీ జాబు చదివి వినిపించినప్పటి నుంచి రోజూ కాళ్లు దించేముందు తేళ్లుండాయేమోనని వంగి చూస్తాంది.