ఏడా, పదకొండా

ప్రియమైన క్లెమ్‌కు,

ఇక్కడ అందరమూ క్షేమమని రాయాలి. ఇంట్లో ఉన్నది నేనూ కుక్కా. కుక్క క్షేమం. దాని కాలి పుండు మానింది. వాన నీళ్ళ ట్యాంకు కారడం ఆగింది. నీ పుడ్డింగు గట్టిగా ఉందని మీ శిబిరంలో గొర్రెల ఉన్ని కత్తిరించేవాళ్ళు ఎగతాళి చేస్తున్నారని రాశావు. పిండి కాస్త తగ్గించి, ఆవిరి మీద ఇంకో పావుగంట ఉంచు. అప్పటికీ నోరు మూయకపోతే వాళ్ళనే వండుకోమను.

అక్షరాలు ఇంత పెద్దగా రాస్తున్నావేమిటని కూడా అడిగావు. అది చదివి నీ ఉత్తరాన్ని రెండు రోజులు సొరుగులో పెట్టేశాను.

పోయిన సోమవారం గోధుమ పొలాల మధ్య ఉన్న ఒక ఆసుపత్రికి వెళ్ళాను. ఎక్స్‌రేని కదిలే బొమ్మగా చూపించే యంత్రానికి ఏడాది పరీక్ష. నా పని నీకు తెలుసు. గుండ్రటి బిళ్ళలున్న పలకను కిరణాల కింద పెట్టి, గదిలో దీపాలు తగ్గించి, తెర మీద ఎన్ని కనిపిస్తున్నాయో లెక్కపెట్టడం. మొదటివి నల్లగా కనిపిస్తాయి. చివరివి ఉన్నాయా లేవా అన్నంత పలచన. నిరుడు అక్కడ పదకొండు కనిపించాయి. ఈసారి ఏడు. అన్ని తగ్గాయంటే యంత్రం చెడినట్టే. దాన్ని వాడకూడదని కాగితం రాసిచ్చాను.

ఆ రోజే బెవన్ క్లాఫ్ అనే ముసలి రైతుకు దాని కిందే చికిత్స చేయాలి. కాలేయం దగ్గర నాళం మూసుకుపోయి, ఒళ్ళంతా పచ్చబడి, జ్వరంతో వణుకుతున్నాడు. నా కాగితం చూసి అతన్ని నగరానికి తరలించడానికి విమానం అడిగారు. దుమ్ము గాలి వల్ల సాయంత్రం దాకా రాదన్నారు.

ఎక్స్‌రే గది చూసుకునే గ్లెనిస్ నా దగ్గరికొచ్చింది. పాతికేళ్ళ పరిచయం.

"ఏమే, మా మిషన్ మీద పడ్డావేంటి? నాకు పదకొండూ కనిపిస్తున్నాయి."

"నీది నీ మిషన్ కదా, కనిపిస్తాయిలే."

"అట్లాగా! అయితే ఆ నర్సుని పిలుస్తా. ఆమెకి దీని ఓనమాలు కూడా తెలీవు."

నర్సు తెర మీద వేలు పెట్టి ఒక్కొక్కటే లెక్కపెట్టింది. "తొమ్మిది... పది... ఇదిగో, ఇక్కడింకోటి."

ఆమె వేలు పెట్టినచోట నాకు బూడిదరంగు తప్ప ఏమీ కనిపించలేదు.

గ్లెనిస్ గొంతు తగ్గించింది. "మెరిడిత్, ఎన్నాళ్ళ నుంచే ఇలా?"

కాగితం వెనక్కి తీసుకుని, "మిషన్ బాగానే ఉంది. తప్పు నా కళ్ళది" అని డాక్టర్‌తో చెప్పాను. గంటలో క్లాఫ్‌కు గొట్టం వేశారు. బతికాడు.

తర్వాత కంటి డాక్టరుకు చూపించుకున్నాను. రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయట. రెండు నెలల్లో ఆపరేషన్. అందుకు నాకు భయం లేదు. ఇక్కడిదాకా రాసి ఆపేద్దామనుకున్నాను కూడా.

కానీ గ్లెనిస్ అడిగినదానికి జవాబు ఉంది, క్లెమ్. మార్చి నుంచి. అప్పుడు రెండు ఆసుపత్రుల్లో నాకు సరిగా కనిపించలేదు. అలసటేమో అనుకుని, రెండుచోట్లా నిరుటి అంకెలే ఎత్తిరాశాను. ముప్పై ఏళ్ళలో ఎన్నడూ చేయని పని. మంగళవారం పొద్దున్నే మా అధికారికి అంతా చెప్పాను. నన్ను పనినుంచి పక్కన పెట్టి, ఆ రెండుచోట్లా మళ్ళీ పరీక్షించడానికి వేరే ఇద్దర్ని పంపాడు.

మొదటిచోట యంత్రం బాగుంది. రెండోచోట నిజంగానే చెడిపోయి ఉంది.

అక్కడి డాక్టర్ హాలోరన్ ఆనాడే అడిగాడు, "ఈ మధ్య బొమ్మ మసగ్గా వస్తోందమ్మా, ఒకసారి చూస్తారా?" అని. "మీకు కళ్ళజోడు మార్చే వయసొచ్చింది డాక్టరుగారూ" అని నవ్వాను. ఆయనా నవ్వి నమ్మేశాడు. అప్పటినుంచి ఆ యంత్రం కింద పడుకున్న రోగులు నూట పద్నాలుగు మంది. బొమ్మ తేలక ఒక్కొక్కరినీ కిరణాల కింద ఉండాల్సినదానికన్నా ఎక్కువసేపు ఉంచారు. ఒకామెకు మొదటిసారి ఏమీ తెలియక రెండోసారి చేశారు. ఎవరికీ పెద్ద హాని ఉండదని అధికారి అంటున్నాడు. ఆ మాట నేనూ ఎంతోమందికి చెప్పాను. ఇప్పుడు వింటే నమ్మకం కలగడం లేదు.

విచారణ ఎప్పుడో ఇంకా చెప్పలేదు. అంతవరకు ఎవరితోనూ మాట్లాడవద్దన్నారు. అయినా శుక్రవారం బస్సులో హాలోరన్ దగ్గరికి వెళ్తున్నాను. ఆయన చూపు బాగానే ఉందని నా నోటితో చెప్పాలి. ఆ రెండోసారి పరీక్ష చేయించుకున్నామె పేరు అడగాలి. తర్వాత ఏం చేస్తానో తెలియదు.

కత్తిరింపు అయ్యేదాకా నువ్వు కదలనక్కర్లేదని రాద్దామని కూర్చున్నాను. అలా రాయలేకపోతున్నాను. వచ్చెయ్.

ఇట్లు,
నీ భార్య
మెరిడిత్