అన్నయ్యను పక్కకు తిప్పే విధం

ఆసుపత్రి క్వార్టర్స్,
మంగళవారం, డ్యూటీకి ముందు.

వదినకు నీ ఆడపడుచు నమస్కారాలు.

నేను బాగున్నాను. నువ్వూ పిల్లలూ బాగున్నారని నిన్ననే ఫోన్లో విన్నాను కాబట్టి ఆ మర్యాద ఇక్కడితో సరి. మళ్ళీ ఫోన్ చేయకుండా ఉత్తరమెందుకంటే, నువ్వు ఫోన్లో సగం విని సగం ఏడుస్తావు. ఇది కాగితం, ఈ సాయంత్రమే మా ఆయా తెచ్చి చేతికిస్తుంది, మంచం పక్క గోడకి అంటించుకో.

అన్నయ్య రేపు ఇంటికి వస్తున్నాడు. జ్వరం పోయింది, ఊపిరి కుదుటపడింది. నడుం కింద పుండు మాత్రం మానలేదు. నిమ్మకాయ పట్టేంత గుంట. చూడగానే నీ గుండె జారుతుంది, ముందే చెబుతున్నాను.

ఎందుకు పడిందని అడిగావు. ఆక్సిజన్ మీద కదలకుండా పడుకున్న మనిషిని ఎప్పటికప్పుడు పక్కకు తిప్పుతుండాలి. అంటుజ్వరం వార్డు కిటకిటలాడుతుంటే, ఆ ప్లాస్టిక్ సూట్లలో ఉడికిపోతూ ఇద్దరు నర్సులు ఎంతమందిని తిప్పగలరు? నాదేమో పిల్లల వార్డు, నన్ను అటు అడుగు పెట్టనివ్వలేదు. దీనికి తోడు అన్నయ్య పనిచేసే బస్సు డిపో వాళ్ళ ప్రేమ. గాలి కొట్టిన స్కూటర్ ట్యూబు పంపి, దాని మీద పడుకుంటే పుండు మీద ఒత్తిడి పడదన్నారు. బండి నడిపేవాళ్ళకి గాలి మీదున్న నమ్మకం దేవుడి మీద కూడా ఉండదు. అన్నయ్య దాన్ని తీయనిస్తేగా! ట్యూబు చుట్టూ నొక్కేసరికి రక్తం ఆడక చిన్న పుండు పెద్దదైంది. ఇంట్లో మళ్ళీ దాని జోలికి పోవద్దు.

ఆసుపత్రికీ నడుం విరిగింది. జ్వరానికైన ఖర్చు కంటే ఈ పుళ్ళ కట్లకీ మందులకీ ఎక్కువవుతోందట. జ్వరం తగ్గినవాళ్ళు పుళ్ళతో మంచాల మీదే ఉండిపోతే, కొత్తగా వచ్చినవాళ్ళు వరండాలో ఉంటున్నారు. అందుకే పెద్ద డాక్టరు అన్నయ్యను పంపేస్తున్నారు.

రెండు గంటలకోసారి పక్కకు తిప్పు. ఈడ్చకు, దుప్పటితో ఎత్తి తిప్పు. మోకాళ్ళ మధ్య దిండు పెట్టు. ఎర్రబడ్డ చోట రుద్దకు. గుడ్లు బాగా తినిపించు. కట్టు మార్చడానికి మీ వీధి నర్సమ్మ రోజూ వస్తుంది, సెలవు రోజున నేనొస్తాను. ఎంత బతిమాలినా కూర్చోనివ్వకు. డ్రైవరు ఉద్యోగమంటేనే కూర్చునేది. ఈ పుండు సరిగా మానకపోతే ఇక స్టీరింగు పట్టలేడు. అది తలచుకుంటే నాకూ భయంగానే ఉంది.

ఇట్లు,
నీ ఆడపడుచు.

తా.క.: పెద్ద డాక్టరు పంపలేదు వదినా. మానేదాకా ఉండమన్నారు. తలుపు తెరిచినప్పుడల్లా వరండాలో కుర్చీలో ఎగరొప్పుతున్న ఒకావిడ అన్నయ్యకు కనబడిందట. నా మంచం ఆవిడకివ్వండని పట్టుబట్టి సంతకం పెట్టేశాడు. నేను ఫోన్లో పోట్లాడాను. పుండు ముదిరితే జన్మలో బండెక్కలేవన్నాను. స్టాపులో మనిషి చెయ్యెత్తితే ఆపకుండా పొమ్మంటావా అని నన్నే అడిగాడు. డాక్టరే పంపారని నీకు రాయమన్నాడు, రాశాను. కానీ రేపటి నుంచి ఆ పుండు నీ చేతుల్లో ఉంటుంది, నీకు తెలియకుండా ఎలా? కోపం వస్తే తిట్టు. ముందు పక్కకు తిప్పి, తర్వాత తిట్టు.